తవ్వకముందే నీళ్ల సంగతి తేల్చండి: జాంబియా నుంచి ఒక బహిరంగ లేఖ

కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ అధికారులకు, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలకు, రేపోమాపో జాంబియాలో దిగబోయే మన గనుల ఇంజనీర్లకు నమస్కారం.

నేను కొత్తగూడెం ఆడపిల్లను. మా నాన్న బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా, అంటే గని కప్పు కూలకుండా కర్ర దన్నులు పెట్టే పని చేసి రిటైరయ్యారు. 1998లో పెళ్లయి వచ్చినప్పటి నుంచి జాంబియాలోని కిట్వేలో ఉంటున్నాను. ఇక్కడి పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఊరి చుట్టూ రాగి గనులే. మీ శాఖ మంత్రి జి. కిషన్ రెడ్డి గారు తెలుగువారు. మన గనుల ఇంజనీర్లలోనూ తెలుగువాళ్లకు కొదవ లేదు. అందుకే తెలుగులోనే రాస్తున్నాను.

ముందు ఒక రోజు సంగతి చెప్పాలి.

2025 ఫిబ్రవరి 18న మా ఊరికి దగ్గర్లో చంబిషి వద్ద, చైనా యాజమాన్యంలోని ఒక రాగి కంపెనీ టైలింగ్స్ చెరువు కట్ట తెగింది. రాయిని పిండి చేసి, యాసిడ్ పోసి రాగిని లాగేసుకున్నాక మిగిలే బురదను ఆ చెరువులో పెడతారు. మొదట అధికారులు చెప్పిన లెక్క 5 కోట్ల లీటర్లు. తర్వాత అంతకు చాలా రెట్లు ఎక్కువే పోయిందన్న అంచనాలూ వచ్చాయి. ఆ బురద చంబిషి వాగులో పడి, అక్కణ్నుంచి మ్వంబషి వాగులోకి, అక్కణ్నుంచి కఫూయె నదిలోకి పోయింది. కిట్వేకు తాగునీళ్లు ఆ నదివే. కుళాయిలు కట్టేశారు. దాదాపు 7 లక్షల మందికి నీళ్లు లేవు. 100 కిలోమీటర్ల కింద కూడా చచ్చిన చేపలు తేలాయి. యాసిడ్ విరగ్గొట్టడానికి వాయుసేన విమానాలతో నది మీద సున్నం చల్లించారు. నది మీద సున్నం చల్లే రోజు చూస్తానని నేనెప్పుడూ అనుకోలేదు.

రెండో రోజు మా పదో తరగతి పిల్లాడొకడు కోక్ బాటిల్‌లో వాగు నీళ్లు పట్టుకొచ్చాడు. వాళ్ల మామయ్య పొలం మ్వంబషి పక్కనే. "టీచర్, వీటిని చూడండి" అన్నాడు. ల్యాబ్‌లో పీహెచ్ కాగితం, అంటే యాసిడ్ ఎంతుందో రంగు మారి చూపే కాగితం ముంచాను. నిమ్మరసంలో ముంచినట్టు ఎర్రగా తిరిగింది. క్లాసులో ముప్పై మంది పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. ఇరవై ఏళ్లకు పైగా అదే ప్రయోగాన్ని వెనిగర్‌తో చేసి చూపించినదాన్ని. వాగు నీళ్లతో చేయాల్సి రావడం అదే మొదలు.

ఆ తర్వాత మా వీధిలో 23 ఇళ్ల వాళ్లం కూర్చుని ఒక అర్జీ రాసుకున్నాం. అడిగింది మూడే ప్రశ్నలు. నీళ్లలో ఏమేం లోహాలు కలిశాయి? మా బావులు, బోర్లు ఎవరు పరీక్ష చేస్తారు? ఎన్నాళ్లు చేస్తారు? కంపెనీ గేటు దగ్గర గార్డు కాగితం తీసుకున్నాడు, ముట్టినట్టు సంతకం మాత్రం పెట్టలేదు. ఒక ఆఫీసుకు వెళ్తే "పైకి పంపాం" అన్నారు. మళ్లీ వెళ్తే సార్ మీటింగ్‌లో ఉన్నారన్నారు. మూడోసారి వెళ్లేసరికి ఆ సార్ బదిలీ అయిపోయారు. ఇన్నాళ్లయినా ఒక్క కాగితం జవాబు రాలేదు. నష్టపోయిన రైతులు కొందరు 8,000 కోట్ల డాలర్ల పరిహారం కోరుతూ ఇక్కడి కోర్టుకెక్కారు. అది ఎప్పటికి తేలుతుందో ఆ దేవుడికే తెలియాలి.

మధ్యలో మీకెందుకు రాస్తున్నానంటే, రాగి, కోబాల్ట్ వెతకడానికి జాంబియా ప్రభుత్వం మన దేశానికి 9,000 చదరపు కిలోమీటర్లు ఇచ్చింది. మా భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మొత్తం కంటే పెద్ద జాగా అది. 2025 జనవరిలో కేంద్ర కేబినెట్ 16,300 కోట్ల రూపాయలతో క్రిటికల్ మినరల్ మిషన్, అంటే ఇలాంటి కీలక ఖనిజాలు సమకూర్చుకునే పథకం ఆమోదించింది. మనకు రాగి అవసరం. తూత్తుకుడిలో రాగి కరిగించే స్మెల్టర్ 2018లో మూతబడ్డాక రాగి అమ్మే దేశం కాస్తా కొనే దేశమైంది. కరెంటు కార్లు, సోలార్ ప్యానెళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఇంట్లో వైరింగ్, అన్నిటికీ రాగి కావాలి. రావద్దని నేననడం లేదు. నా భర్త జీతం, నా జీతం, మా అబ్బాయి చదువు, అన్నీ ఈ రాగి పుణ్యమే. ఇంతకుముందు వచ్చినవాళ్లు వచ్చినట్టు మాత్రం రావద్దని నా మొర.

మీలో చాలామందికి జాంబియా అంటే మ్యాపులో ఆఫ్రికా నడుమ ఒక రంగు ముక్క. నాలుగు మాటల్లో చెబుతాను. వైశాల్యం 7.5 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికి రెండున్నర రెట్లు దాటుతుంది. జనం 2 కోట్లే. చుట్టూ ఎనిమిది దేశాలు, ఒక్క వైపూ సముద్రం లేదు. దేశం చాలా మటుకు సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల పైన పీఠభూమి మీద ఉంటుంది కాబట్టి భూమధ్యరేఖకు దగ్గరైనా మన ఏప్రిల్ ఎండలుండవు. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వానలు, తర్వాత చుక్క పడదు. జాంబెజీ, కఫూయె, లువాంగ్వా పెద్ద నదులు. ఉత్తరాన కాంగో సరిహద్దు వెంబడి రాగి పొర పరుచుకుని ఉంది. ఆ పట్టీనే కాపర్‌బెల్ట్ అంటారు. ఎగుమతుల డాలర్లలో నూటికి 70 వరకూ ఆ రాగివే. అటు టాంజానియాలోని దారెస్సలాం రేవుకు పోవాలన్నా దగ్గర దగ్గర 2,000 కిలోమీటర్లు. 1970ల్లో చైనావాళ్లు కట్టిన టాంజానియా రైలు మార్గం పాతబడిపోయింది కాబట్టి రాగి ఎక్కువగా లారీల మీదే పోతుంది. కిట్వే నుంచి చింగోలా రోడ్డెక్కితే రాగి పలకల లారీలు చీమల బారులా కనిపిస్తాయి. ఒక్కో పలక తలుపు రెక్కంత ఉంటుంది, కొత్త బిందెలా మెరుస్తుంది. రెండేసి మూడేసి కట్టలు ఇనుప పట్టీలతో బిగించి వెనక ఏసుకుని పోతుంటారు. ఆ మెరుపు ఈ ఊరి ఇళ్లల్లో వెతికితే దొరకదు.

ఈ దేశంలో నూటికి 60 మంది పేదరికంలోనే ఉన్నారని 2022 లెక్క. నేల కింద అంత రాగి పెట్టుకుని ఇదేమిటని మొదట్లో నాకూ విచిత్రంగా ఉండేది. ఎదురింటి పెద్దాయన చెబితే అర్థమైంది. ఆయన గనిలో 28 ఏళ్లు చేశాడు. 1964 అక్టోబర్ 24న స్వాతంత్ర్యం వచ్చేదాకా ఈ రాగి మీద రాయల్టీ, అంటే తవ్విన ఖనిజం మీద కట్టే వాటా, బ్రిటిష్ వలస వ్యాపారి సెసిల్ రోడ్స్ పెట్టిన బ్రిటిష్ సౌతాఫ్రికా కంపెనీకే పోయేదట. తర్వాత మొదటి అధ్యక్షుడు కెన్నెత్ కౌండా ప్రభుత్వం గనుల్లో 51 శాతం వాటా తీసుకుంది. అప్పటి గని కాలనీ సంగతులు ఆయన చెబుతుంటే నాకు మా సింగరేణి క్వార్టర్స్ గుర్తొస్తాయి. సైరన్, షిఫ్టులు, కంపెనీ ఆసుపత్రి, కంపెనీ బడి, కంపెనీ ఫుట్‌బాల్ జట్టు. ఇంట్లో బల్బు మాడిపోయినా కంపెనీ మనిషే వచ్చి మార్చేవాడట. మా దగ్గర అంత వైభోగం లేదులెండి, బల్బు మా నాన్నే కొనేవారు.

1970ల మధ్యలో రాగి ధర కూలింది. అప్పులు పెరిగాయి. ఏటా 7 లక్షల టన్నులకు పైగా తీసిన దేశం 2000 నాటికి రెండున్నర లక్షలకు పడిపోయింది. అప్పులిచ్చినవాళ్ల ఒత్తిడితో గనులు అమ్మారు. నేను కిట్వే వచ్చిన కొత్తలో చూసింది అదే. క్వార్టర్స్ అందులో ఉంటున్నవాళ్లకే అమ్మేశారు, ఉద్యోగాలు తీసేశారు, ఆసుపత్రి చేతులు మారింది. అప్పుడు కొన్న కంపెనీలతో రాసుకున్న ఒప్పందాల్లో రాయల్టీ 0.6 శాతం. వెయ్యి రూపాయల రాగి తీస్తే దేశానికి ఆరు రూపాయలు. ఆ ఒప్పందాలు చాలా ఏళ్లు జనానికి చూపించనేలేదు. 2008లో ధరలు ఆకాశంలో ఉన్నప్పుడు విండ్‌ఫాల్ టాక్స్, అంటే ధర పెరిగి వచ్చిపడ్డ లాభం మీద పన్ను, వేశారు, మరుసటేడే తీసేశారు. అదే రోజుల్లో ఇంకో వింత. జాంబియా లెక్కల్లో రాగిలో పెద్ద భాగం స్విట్జర్లాండ్‌కు పోయినట్టుంటుంది. స్విట్జర్లాండ్ దిగుమతి లెక్కల్లో ఆ సరుకు కనపడదు. కాగితం మీద ఒక దేశానికి అమ్మి, ఓడ మీద ఇంకో దేశానికి పంపితే లాభం ఎక్కడ తేలాలో అక్కడ తేల్చుకోవచ్చు.

ఇప్పుడు రాయల్టీ ధరను బట్టి 4 నుంచి 10 శాతం ఉంది, అది మెరుగే. 2024లో తీసిన రాగి దాదాపు 8.2 లక్షల టన్నులు. 2031 నాటికి 30 లక్షల టన్నులు తీస్తామంటోంది ప్రభుత్వం. ఇప్పటిదానికి మూడున్నర రెట్లు పైనే. అంటే బురద చెరువులు కూడా అంతకంత పెరగాలి. ఆ లెక్క మాత్రం ఏ మీటింగ్‌లోనూ వినిపించదు.

మామూలు జనం మీద పడుతున్నది ఇదీ.

1. నీళ్లు. జాంబియా జనాభాలో సగం మందికి పైగా కఫూయె పరీవాహకంలో ఉంటారు. కట్ట తెగాక మా పక్కింటి ముసలామెకు ఆరు వారాలు బేరం లేదు. ఇక్కడ పెద్దవాళ్లను బామాయో అంటాం, అమ్మగారు అన్నట్టు. ఆమె చిసోకోనె మార్కెట్‌లో ఎండు చేపలు అమ్ముతుంది. ఆమె సరుకు మా నదిది కాదు, వందల కిలోమీటర్ల అవతల టాంగన్యీకా సరస్సు నుంచి, మ్పులుంగు రేవు మీదుగా వస్తుంది. ఆ మాట అందరికీ చెప్పింది, బస్తా మీద అచ్చు చూపించింది. ఎవరూ నమ్మలేదు. ఏ చేపలో ఏముందో చెప్పే రిపోర్ట్ జనం చేతిలో లేనప్పుడు అన్ని చేపలూ విషమే అనుకుంటారు, వాళ్ల తప్పేముంది. ఆ ఆరు వారాలు మనవరాలి స్కూలు ఫీజు కట్టలేదు. ఏ పరిహారం జాబితాలోనూ ఆమె పేరు లేదు, ఎందుకంటే ఆమెకు పొలం లేదు.

2. పొలాలు. వాగు పక్కన మొక్కజొన్న, వేరుశెనగ, కూరగాయలు వేసుకునే చిన్న రైతులు ఆ వారంలోనే ఆకులు మాడిపోవడం చూశారు. వీళ్ల తిండి న్షిమా, మొక్కజొన్న పిండితో చేసే సంకటి అనుకోండి. పంట పోతే అమ్మకం ఒక్కటే పోదు, ఏడాది తిండి పోతుంది. పైగా అంతకుముందు ఏడే, 2024లో, కరువుకు దేశం మొత్తం మీద మొక్కజొన్న సగానికి పైగా పోయింది. ఆ దెబ్బ మీద ఈ దెబ్బ.

3. కరెంటు. ఈ దేశానికి కరెంటు నూటికి ఎనభై పాళ్లకు పైగా నీళ్ల నుంచే. 1959లో కట్టిన కరీబా డ్యామే పెద్ద దిక్కు. 2024 కరువులో కరీబా అడుగంటింది. మా ఇంట్లో రోజుకు మూడు గంటలు కరెంటుంటే గొప్ప. రాత్రి ఒంటిగంటకు కరెంటొస్తే లేచి బట్టలు ఇస్త్రీ చేసుకున్న రోజులున్నాయి. వీధిలో అందరూ మబౌలా, అంటే బొగ్గుల కుంపటి, దాని మీదే వంట. కట్టెబొగ్గు కోసం అడవులు నరికారు. మార్కెట్‌లో వెల్డింగ్ షాపులు, సెలూన్లు, కోళ్లఫారాలు మూతబడ్డాయి. దేశం కరెంటులో దాదాపు సగం గనులే వాడతాయి. కొత్త గని అంటే కొత్త వాటాదారు.

4. కబ్వే. కిట్వే నుంచి రాజధాని లుసాకా పోయే దారిలో ఉంటుంది ఆ ఊరు. 1900ల మొదట్లో మొదలైన సీసం గని 1994లో మూసేశారు. మూసి 30 ఏళ్లు దాటినా అక్కడి పిల్లల రక్తంలో సీసం పోలేదు. పిల్లలాడుకునే మట్టిలోనే ఉంది. సీసం మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుందని నేను పాఠం చెబుతాను. బస్సు కబ్వేలో ఆగినప్పుడు కిటికీ దగ్గర అరటిపళ్లు అమ్మే పిల్లల్ని చూస్తే ఆ పాఠం గొంతులో అడ్డం పడుతుంది. గని తవ్వినవాళ్లకు మూసేటప్పుడు ఖర్చు పెట్టే బాధ్యత ముందే కట్టకపోతే జరిగేది అదే.

5. ప్రాణాలు. టైలింగ్స్ ప్రమాదం ఈ దేశానికి కొత్తేమీ కాదు. 1970 సెప్టెంబర్ 25న ముఫులీరా గనిలో పైనున్న టైలింగ్స్ బురద భూగర్భంలోకి దిగి నైట్ షిఫ్ట్‌లో ఉన్న 89 మందిని మింగేసింది. ఇవాళ కొత్త రకం చావులు. ఉద్యోగాలు పోయిన ఇళ్ల కుర్రాళ్లు పారబోసిన చిట్టెపు గుట్టలు తవ్వి మిగిలిన రాగి ఏరుకుంటారు. జెరాబోలు అంటారు వాళ్లని. మా కిట్వేలోని బ్లాక్ మౌంటెన్ గుట్ట 2018 జూన్‌లో కూలి పది మంది పోయారు. 2023 డిసెంబర్‌లో చింగోలా దగ్గర మట్టి కూలి పదుల మంది మట్టి కింద కప్పబడిపోయారు. అందులో నా దగ్గర చదివి మానేసిన పిల్లలు లేరని నేను నిశ్చింతగా చెప్పలేను.

6. అప్పు. రాగి ధర మీద ధీమాతో 2012 నుంచి 2015 దాకా మూడు విడతలు బాండ్లు అమ్మి 300 కోట్ల డాలర్లు తెచ్చారు. 2020 నవంబర్‌లో 4.25 కోట్ల డాలర్ల వడ్డీ వాయిదా కట్టలేక చేతులెత్తేశారు. తర్వాత ధరలు పెరిగాయి, జీతాలు పెరగలేదు. అంతే చెబుతాను, ఇంకా చెబితే అదే ఒక లేఖవుతుంది.

ఇక్కడ భారతీయుల గురించి ఒక మాట నిజాయితీగా చెప్పాలి. 1970లు, 80ల్లో వచ్చిన మన టీచర్లను ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. మంత్రుల్లో, డాక్టర్లలో వాళ్ల శిష్యులున్నారు. అదే నోటితో ఇంకో సంగతీ అడుగుతారు. 2004లో ఒక పెద్ద గని మన అనిల్ అగర్వాల్ గారి వేదాంత కంపెనీ చేతికి వచ్చింది. నీళ్లు, పొలాలు పాడయ్యాయని చింగోలా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు 1,826 మంది లండన్‌లో కేసు వేశారు. ఆ కేసు ఇంగ్లండ్‌లోనే వినొచ్చని 2019 ఏప్రిల్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2021 జనవరిలో, బాధ్యత ఒప్పుకోకుండానే కంపెనీలు రాజీ చేసుకున్నాయి. ఎవరిది ఎంత తప్పో తేల్చడం నా పని కాదు. మార్కెట్‌లో మనిషి మాత్రం తీర్పు కాపీ చదవడు, నా మొహం చూసి "మీవాళ్లే కదా" అంటాడు. రేపు మీరు తవ్వే చోట ఏం జరిగినా అలాగే అంటాడు, ఈసారి కంపెనీని కాదు, మన ప్రభుత్వాన్నే అంటాడు.

అందుకని మీరు డ్రిల్లింగ్ మెషిన్లు దించకముందే ఈ కింది వాటికి రాతపూర్వకంగా ఒప్పుకోవాలని కోరుతున్నాను.

1. సర్వే చేసే 9,000 చదరపు కిలోమీటర్లలో ఉన్న వాగులు, బావులు, బోర్ల నీళ్లను తవ్వకం మొదలవకముందే పరీక్షించి, ఆ లెక్కలు ఊరూరా గోడ మీద అంటించండి. పీహెచ్, రాగి, కోబాల్ట్, సీసం, సల్ఫేట్ ఎంతున్నాయో ముందే రాసి ఉంటే, తర్వాత ఎవరు పాడు చేశారన్న గొడవ ఉండదు. చంబిషిలో మాకు కరువైనవి ఆ మొదటి లెక్కలే. ఇందులో మీకయ్యే ఖర్చు డ్రిల్లింగ్ ఖర్చు ముందు చిల్లర. కావాలంటే మా స్కూలు పిల్లలు నెలనెలా సీసాలు పట్టుకొస్తారు.

2. మ్యాపు, ఒప్పందం రెండూ జనం భాషలో పెట్టండి. ఇక్కడ ఇంగ్లీషు కాక ఏడు ప్రాంతీయ భాషలకు గుర్తింపుంది, బెంబా, న్యాంజా, తోంగా, లోజి, కఒండె, లుండా, లువాలె. నేలలో ఎక్కువ భాగం సంప్రదాయ భూమి, ఊరి చీఫ్ ఆధీనంలో ఉంటుంది. చీఫ్ ఒక్కడి సంతకంతో పని అయిపోయిందనుకోవద్దు, ఊరి జనాన్ని, ముఖ్యంగా నీళ్లు మోసే ఆడవాళ్లను కూర్చోబెట్టి అడగండి. మన సమత కేసు మీకు తెలియనిది కాదు. బొర్రా గుహల చుట్టుపక్కల గిరిజనుల భూములను ప్రైవేటు గనులకు లీజుకు ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు చెప్పిన మాటలు బొర్రాకొక న్యాయం, కఒండెకొక న్యాయం అన్నట్టు ఉండకూడదు.

3. టైలింగ్స్ కట్ట ఎలా కడతారో, ఎవరు తనిఖీ చేస్తారో ముందే చెప్పండి. 2019లో బ్రెజిల్‌లోని బ్రుమాదీన్యోలో కట్ట తెగి 270 మంది చనిపోయాక, 2020 ఆగస్టులో టైలింగ్స్ మీద ఒక అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. దాన్ని మాటవరసకు కాకుండా షరతుగా పెట్టండి. తనిఖీ చేసేవాళ్లకు జీతం కంపెనీ ఇవ్వకూడదు. కట్ట కింద ఏ ఊళ్లు మునుగుతాయో చూపే మ్యాపు ఆ ఊళ్ల బడుల్లో ఉండాలి. ఇది మనకూ వర్తిస్తుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం టైలింగ్స్ చెరువు చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నారు. అక్కడ వినని చెవి ఇక్కడ వింటుందా అని నాకు అనుమానమే. అయినా అడుగుతున్నాను.

4. మూసివేత డబ్బు ముందే కట్టండి. జాంబియా చట్టంలో ఎన్విరాన్‌మెంటల్ ప్రొటెక్షన్ ఫండ్ ఉంది. దానికి గ్యారంటీ కాగితాలతో సరిపెట్టకుండా నగదు కట్టండి. కబ్వే ఒకటి చాలు ఈ దేశానికి.

5. రాయల్టీ, పన్నులు, అమ్మకం ధర, కొన్నది ఎవరు, ఇవి ఏటా పేపర్లో వేయించండి. గనుల ఆదాయం బయటపెట్టే అంతర్జాతీయ వేదిక ఈఐటీఐలో జాంబియా ఎప్పుడో చేరింది, మనం చేరలేదు. చేరకపోయినా ఈ ఒక్క ప్రాజెక్టుకు ఆ నియమాలు పాటించవచ్చు, ఎవరూ ఆపరు. మన చట్టంలో 2015 నుంచి డిస్ట్రిక్ట్ మినరల్ ఫౌండేషన్ ఉంది కదా. రాయల్టీకి తోడు మరికొంత వాటా గని ఉన్న జిల్లాకే ఖర్చు పెట్టాలన్న నియమం అది. ఖర్చు పెట్టే తీరు మీద మన దగ్గరా గొడవలున్నాయి, కాదనను. కానీ మంచి ఆలోచన. ఇక్కడా అలాంటిదొకటి పెట్టి, బావులకు, క్లినిక్‌లకు ముందుగా కేటాయించండి.

6. మీ కరెంటు మీరే తెచ్చుకోండి. ఏడాదిలో ఎన్నో నెలలు ఇక్కడ ఎండ దండిగా ఉంటుంది. గనికి సోలార్ పెట్టుకుని, మిగిలింది పక్క ఊరికి ఇచ్చినా పుణ్యమే.

7. ఉద్యోగాలు. డ్రైవర్లు, హెల్పర్లు ఇక్కడివాళ్లు, డ్రిల్లర్ నుంచి పైన అంతా మనవాళ్లు అన్న పద్ధతి పెట్టవద్దు. కొత్తగూడెంలో ఒకప్పటి స్కూల్ ఆఫ్ మైన్స్ ఉంది, ధన్‌బాద్‌లో గనుల చదువు చెప్పే ఐఐటీ ఉంది. ఏటా పాతిక మంది జాంబియా పిల్లలకు సీటూ స్కాలర్‌షిప్పూ ఇవ్వండి. నా క్లాసులోనే ముగ్గురు సిద్ధంగా ఉన్నారు. వాళ్లు తిరిగొచ్చి కట్ట తనిఖీ చేస్తే, మీరు వెళ్లిపోయినా ఆ కళ్లు ఇక్కడుంటాయి. ఇంకొకటి, పర్మినెంట్ పనికి కాంట్రాక్ట్ లేబర్‌ను పెట్టవద్దు. మా నాన్న గని నుంచి చెబుతున్న మాట ఇది.

8. ఫిర్యాదు తీసుకునే మనిషి ఒకరుండాలి. ముట్టినట్టు సంతకం పెట్టాలి. 30 రోజుల్లో కాగితం మీద జవాబివ్వాలి. ఈ ఒక్కటీ ఉండి ఉంటే నేను ఈ లేఖ రాసేదాన్నే కాదు.

మన ఇంజనీర్లకు విడిగా ఒక మాట. మీకు డేటా కనిపిస్తుంది, మాకు కనిపించదు. సీపేజ్ రీడింగ్, అంటే కట్ట నుంచి ఊరే నీళ్ల లెక్క, పెరిగినప్పుడు, కట్ట మీద పగులు చూసినప్పుడు, మేనేజర్ "ఈ నెల టార్గెట్ కానివ్వండి" అన్నప్పుడు మీరు రాసే సైట్ రిపోర్ట్ మీదే మా కుళాయి ఆధారపడి ఉంటుంది. వీసా, ఈఎంఐ టెన్షన్ ఏంటో నాకు తెలియదా, ఇంట్లో ఇరవై ఏళ్లు చూశాను. అయినా ఆ రీడింగ్ ఉన్నదున్నట్టు రాయండి.

మీ సర్వే బృందం కాపర్‌బెల్ట్ వైపు వస్తే కిట్వేలో ఆగమని కోరుతున్నాను. మ్వంబషి వంతెన దాకా నేనే తీసుకెళ్తాను. ఆ పిల్లాడు తెచ్చిన కోక్ బాటిల్ ఇంకా మా ల్యాబ్ బీరువాలో రెండో అరలో ఉంది, మూత మీద మైనం పోసి, తేదీ రాసి పెట్టాను. అడుగున పసుపుపచ్చ మడ్డి దిగింది. అందులో ఏముందో చూసే యంత్రం మా స్కూల్లో లేదు, మీ లేబొరేటరీల్లో ఉంది. పరీక్ష చేయించి రిపోర్ట్ మా వీధికి పంపండి. 23 ఇళ్లున్నాయి, 23 కాపీలు చాలు.

ఇట్లు,
కిట్వేలో ఉంటున్న కొత్తగూడెం ఆడపడుచు,
ఒక కెమిస్ట్రీ టీచర్